వరలక్ష్మి, బరలక్ష్మి: సరిహద్దు జిల్లాల తెలుగు సైనిక కుటుంబాలకు దక్కాల్సిన గౌరవం

ఇచ్ఛాపురంలో పుట్టిన ఒక అమ్మాయికి పుట్టింటివాళ్లు వరలక్ష్మి అని పేరు పెట్టారనుకుందాం. ఆంధ్రలో చదివింది కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత ఉంటాయి. పెళ్లయ్యాక సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురం వస్తుంది. భర్త సైన్యంలో సిపాయి. ఒడియాలో 'వ'ను 'బ'గా పలకడం, రాయడం అలవాటు కాబట్టి రేషన్ కార్డులో బరలక్ష్మి అవుతుంది. భర్త పేరు అప్పారావు అయితే, దాన్ని రెండు ముక్కలు చేసి, చివర ఉన్న 'రావు' ఇంటిపేరు కాబోలనుకుని ఆధార్‌లో బరలక్ష్మి రావు అని ఎక్కిస్తారు. భర్త యూనిట్‌లో క్లర్కు మాత్రం పెళ్లికార్డు చూసి, ఇంటిపేరుకు పొడి అక్షరం పెట్టి 'కె. వరలక్ష్మి' అని రాసుకుంటాడు. మనిషి ఒక్కరే, పేర్లు నాలుగు. భర్త నెలనెలా డబ్బు పంపుతున్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. అతను పోయాక, ఆ నాలుగు పేర్లూ తనవేనని నిరూపించుకోవాల్సిన పని ఆమె నెత్తిన పడుతుంది.

సైనికుల కుటుంబాలను గౌరవించడం అనగానే శాలువాలు, పూలదండలు, ఆగస్టు 15న వేదిక మీద ముందు వరస కుర్చీలు గుర్తొస్తాయి. అవి ఉండాల్సినవే, వాటిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగు సైనిక కుటుంబాల సంగతి దగ్గరగా చూస్తే, వాళ్లకు దక్కే గౌరవమో, జరిగే అన్యాయమో చాలావరకు ఇలాంటి అక్షరాల దగ్గరే తేలుతుంది.

ఈ ప్రాంతం చరిత్రే రెండు కాగితాల మధ్య నలిగిన చరిత్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గీత గీశాక బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి, ఇచ్ఛాపురం, పాతపట్నం ఇటు ఉండిపోయాయి. చుట్టరికాలు మాత్రం ఏ గీతనూ లెక్కచేయలేదు. ఈ రోజుకీ మేనమామ పర్లాకిమిడిలో, మేనల్లుడు పాతపట్నంలో ఉండటం మామూలే. ఆ మేనల్లుడు సైన్యంలో చేరాలంటే శ్రీకాకుళం జిల్లావాడిగా విశాఖపట్నం రిక్రూటింగ్ ఆఫీసు పరిధిలోకి వస్తాడు. మేనమామ కొడుకు గోపాల్‌పూర్ రిక్రూటింగ్ ఆఫీసు పరిధిలోకి వస్తాడు. ఒకడు మద్రాస్ రెజిమెంట్‌లో చేరి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ పొందవచ్చు, ఇంకొకడు బిహార్ రెజిమెంట్‌లో చేరి దానాపూర్ వెళ్లవచ్చు. ఒకే ఇంటి పిల్లల రికార్డులు దేశం రెండు మూలల్లో ఉంటాయి.

ఈ ప్రాంతానికి సైన్యం కొత్త కాదు. గోపాల్‌పూర్ దగ్గరే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. కొంచెం ఉత్తరాన చిలిక ఒడ్డున నావికుల శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిలిక ఉంది. కొరాపుట్ జిల్లా సునాబెడలో యుద్ధ విమానాల ఇంజన్లు తయారుచేసే హెచ్ఏఎల్ కర్మాగారం ఉంది. బరంపురం తెలుగువాళ్లు గర్వంగా తలచుకోదగ్గ సంగతి ఇంకొకటి ఉంది. 1894లో ఆ ఊళ్లో తెలుగు ఇంట పుట్టిన వి.వి.గిరి, 1971 యుద్ధం జరిగినప్పుడు రాష్ట్రపతిగా, అంటే త్రివిధ దళాల సర్వసైన్యాధిపతిగా ఉన్నారు. 1973 జనవరిలో, ఆ యుద్ధంలో సైన్యాన్ని నడిపిన మానెక్‌షాకు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చింది కూడా ఆయనే.

ఇక్కడ ఒక మాట విడమరచి చెప్పాలి. మన ఊళ్లలో యూనిఫాం వేసుకుని రాష్ట్రం బయట పనిచేసే ప్రతివాడినీ 'మిలటరీవాడు' అనే అంటారు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ జవాన్లు కూడా అందులో కలిసిపోతారు. మల్కన్‌గిరి అడవుల్లో ఏళ్ల తరబడి కాపలా కాసిన బీఎస్ఎఫ్ జవాను త్యాగం చిన్నదేమీ కాదు. అయినా ప్రభుత్వ లెక్కలో వాళ్లు హోంశాఖ కిందికి వస్తారు. మాజీ సైనికులకు ఉండే ఈసీహెచ్ఎస్ వైద్యం, ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ వాళ్లకు వర్తించవు, పెన్షన్ నియమాలూ వేరు. ఊరంతా మిలటరీ కుటుంబం అని గౌరవించే ఇంటికి మాజీ సైనికుల సంక్షేమం చూసే సైనిక్ బోర్డులో 'మీరు మా కిందికి రారు' అనే సమాధానం వస్తే ఆ ఇంటివాళ్ల మనసు ఎంత చివుక్కుమంటుందో ఊహించవచ్చు. ఈ తేడా ముందే తెలిస్తే కనీసం తిరగాల్సిన ఆఫీసు ఏదో తెలుస్తుంది.

ఊరేగింపు గౌరవం మనం అనుకునేంత పాతది కాదు. కార్గిల్‌కు ముందు యుద్ధాల్లో చనిపోయినవారికి ఎక్కువగా యుద్ధభూమికి దగ్గరలోనే అంత్యక్రియలు చేసేవారు. ఇంటికి టెలిగ్రాం వచ్చేది, కొన్నాళ్లకు అతని నల్ల ట్రంకుపెట్టె వచ్చేది. 1999లో మొదటిసారి పెద్ద ఎత్తున భౌతికకాయాలను సొంత ఊళ్లకు పంపారు. ఆ యుద్ధంలో 527 మంది ప్రాణాలు కోల్పోయారు. త్రివర్ణ పతాకం కప్పిన పెట్టె ఊరి నడిబొడ్డుకు వచ్చాకే, సైనికుడి చావు దేశంలోని మామూలు జనానికి కళ్లెదుట కనబడింది. అప్పటినుంచే వీధికి అతని పేరు పెట్టడం, బడి ముందు విగ్రహం నిలబెట్టడం, ఏటా కార్గిల్ విజయ దినమైన జూలై 26న దండ వేయడం అలవాటయ్యాయి.

ఆ యుద్ధంలోనే 1999 జూన్ 28న మేజర్ పద్మపాణి ఆచార్య అమరుడయ్యారు. మహావీర చక్ర పొందిన ఆ అధికారి మూలాలు ఒడిశావి, కుటుంబం స్థిరపడింది హైదరాబాద్‌లో. ఆయన పోయిన కొన్ని నెలలకు కూతురు పుట్టింది. ఆయనను ఒడిశా తనవాడంటుంది, తెలుగు నేలా తనవాడంటుంది, ఇద్దరిదీ నిజమే. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చనిపోయిన 20 మందిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ నుంచి నుదురామ్ సోరెన్, గంజాం, గజపతి జిల్లాలను ఆనుకుని ఉన్న కంధమాల్ నుంచి చంద్రకాంత ప్రధాన్ ఉన్నారు. సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం, హైదరాబాద్‌లో ఇంటిస్థలం ఇచ్చింది. మిగతా 19 కుటుంబాలకూ తలా 10 లక్షలు ప్రకటించింది. ఇతర రాష్ట్రాల కుటుంబాలను గుర్తుంచుకోవడం నిజంగా మెచ్చుకోదగ్గ పని. అయినా అదే రాత్రి, అదే లోయలో, అదే శత్రువు చేతిలో పోయిన మనుషుల ఇళ్లకు అందేది ఏ రాష్ట్రం ఎంత ఇస్తుందన్న దాన్నిబట్టి మారిపోతుంది. కేంద్రం నియమాలు అందరికీ ఒకటే, రాష్ట్రం ఇచ్చేది చిరునామాను బట్టి ఉంటుంది.

సరిహద్దు కుటుంబాలకు ఈ చిరునామా ముడి గట్టిగానే బిగుసుకుంటుంది. సైనికుడి సొంత చిరునామా బరంపురం అని రికార్డుల్లో ఉంటే రాష్ట్రం తరఫు సాయం ఒడిశా నుంచి రావాలి. భర్త పోయాక భార్య పిల్లలను తీసుకుని పుట్టింటికి, ఇచ్ఛాపురమో సోంపేటో వచ్చేస్తుంది. పెన్షన్‌కు ఇబ్బంది లేదు, ఏ ఊరి బ్యాంకులోనైనా పడుతుంది. రాష్ట్రం ఇచ్చే నగదు, ఉద్యోగం, ఇంటిస్థలం లాంటివి మాత్రం ఆమె వెంట సరిహద్దు దాటవు. వాటికోసం చంటిపిల్లను చంకనేసుకుని మళ్లీ ఒడిశా ఆఫీసులకే తిరగాలి. అక్కడ దరఖాస్తు ఒడియాలో ఉంటుంది, ఆమెకు వచ్చింది తెలుగు.

పేరు ఎక్కడ, ఎలా నమోదవుతుందో తెలిస్తే గండం ఎక్కడుందో కూడా తెలుస్తుంది. సైనికుడికి పెళ్లయినా, బిడ్డ పుట్టినా ఆ సంగతి యూనిట్‌కు చెప్పాలి. యూనిట్ దాన్ని 'పార్ట్ టూ ఆర్డర్'గా వెలువరిస్తుంది. అది రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు వెళ్లి అతని సర్వీసు రికార్డులో చేరుతుంది. భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు అన్నీ ఇలాగే ఎక్కుతాయి. రేపు ఫ్యామిలీ పెన్షన్ ఎవరికి అన్న ప్రశ్న వస్తే మొదట తీసి చూసేది ఈ కాగితాన్నే. ఇరవై రెండేళ్ల కుర్రాడు లడఖ్‌లోనో అరుణాచల్‌లోనో హిందీలో అడిగిన ప్రశ్నకు హిందీలో జవాబు చెబుతుంటే, తెలుగు రాని క్లర్కు చెవికి వినబడినట్టు ఇంగ్లిష్‌లో రాసుకుంటాడు. ఇద్దరి తప్పూ లేదు. కానీ ఆ రోజు పడిన స్పెల్లింగ్ ముప్పై ఏళ్ల తర్వాత ఒక ఆడమనిషిని ఆఫీసుల చుట్టూ తిప్పుతుంది.

దీనికి తోడు రెండు రాష్ట్రాల్లో పేరు రాసే పద్ధతే వేరు. ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడిశాలో ఇంటిపేరు చివర. అందుకని అక్కడి మనవాళ్లలో చాలామంది పాత్రో, రెడ్డి, రావు, దొర లాంటి మాటలను చివర ఉంచుకుని అసలు ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించేశారు. 'ఎ. రమేష్ పాత్రో' అన్నప్పుడు ఆ 'ఎ' ఏమిటో మూడో తరానికి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. సైన్యం రికార్డు ఆ పొడి అక్షరాన్ని విడదీసి పూర్తిగా రాయమంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో మాత్రం పొడి అక్షరమే ఉంటుంది.

ఒకప్పుడు పెన్షన్ ఇచ్చే బ్యాంకులో మేనేజర్‌కు మనిషి తెలిసేవాడు, 'ఆవిడే, నాకు తెలుసు' అంటే పని జరిగేది. ఇప్పుడు రక్షణ పెన్షన్లన్నీ 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వచ్చాయి. అది మంచి మార్పే, మధ్యలో చేతులు తడపాల్సిన పని తగ్గింది, ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు. అయితే కంప్యూటర్‌కు వరలక్ష్మి, బరలక్ష్మి ఇద్దరు మనుషులు. ఏటా ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం ఆధార్ వేలిముద్రతో ఇవ్వబోతే 'పేరు సరిపోలలేదు' అంటుంది. దాన్ని సరిచేయాలంటే మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్ ఇవ్వాలి, రెండు పేపర్లలో ప్రకటన వేయించాలి. ఒకటి ఇంగ్లిష్ పేపరు, ఇంకొకటి స్థానిక భాషా పేపరు. బరంపురంలో స్థానిక భాష అంటే ఒడియా. అంటే ఆమె తన పేరు తనదేనని లోకానికి చెప్పుకునే ప్రకటనను తనవి కాని రెండు భాషల్లో డబ్బు కట్టి వేయించుకోవాలి. తర్వాత ఆ కత్తిరింపుకు లామినేషన్ చేయించి, భర్త పతకాలున్న డబ్బాలోనే దాచుకుంటుంది.

పేరు తర్వాత తేలాల్సింది చావుకు కారణం. సర్వీసులో ఉండగా చనిపోయిన సైనికుడి భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ మూడు రకాలు. డ్యూటీతో సంబంధం లేని మరణమైతే మొదటి పదేళ్లు చివరి జీతంలో 50 శాతం, ఆ తర్వాత 30 శాతం. డ్యూటీ కారణంగా వచ్చిన జబ్బో ప్రమాదమో అయితే 60 శాతం, దీన్ని స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ అంటారు. యుద్ధంలోనో, ఉగ్రవాదుల దాడిలోనో పోతే చివరి జీతం మొత్తం వస్తుంది, ఇది లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్. ఈ మూడింటిలో ఏదన్నది నిర్ణయించేది విచారణ కాగితాల్లోని ఒక్క మాట, 'అట్రిబ్యూటబుల్'. అంటే మరణానికీ డ్యూటీకీ సంబంధం ఉందని ఒప్పుకోవడం.

ఇక్కడే చాలా కుటుంబాలకు తెలియక నష్టం జరుగుతుంది. సెలవు మీద ఇంటికి వస్తూనో, సెలవు అయ్యాక యూనిట్‌కు తిరిగి వెళ్తూనో దారిలో ప్రమాదం జరిగితే నియమాల ప్రకారం దాన్ని డ్యూటీలో ఉన్నట్టే చూడాలి. జమ్మూలో ఎక్కినవాడు రెండు మూడు రాత్రుల ప్రయాణం చేసి బరంపురంలో దిగి, అక్కడినుంచి ఆటోలో ఊరికి వెళ్తుంటే లారీ గుద్దిందనుకుందాం. అతను ఇంకా ఇంటికి చేరలేదు కాబట్టి అది దారే. దాన్ని చూపించేవి జేబులోని రైలు టికెట్టు, సెలవు సర్టిఫికెట్, పోలీసుల ఎఫ్ఐఆర్. ఎఫ్ఐఆర్ ఒడియాలో ఉంటుంది, ధ్రువీకరించిన అనువాదం కావాలి. అందులో 'ఊళ్లో తిరుగుతుండగా' అని ఒక మాట పొరపాటున పడిందంటే అట్రిబ్యూటబుల్ అన్న మాట చేజారిపోవచ్చు. ఏడుపుల మధ్య, ఎవరో తెచ్చిన ఒడియా కాగితం మీద వేలిముద్ర వేసే ముసలితండ్రికి ఇదంతా ఎవరు చెబుతారు? పోలీస్ స్టేషన్‌కు వెంట వెళ్లి, ఆ కాగితాన్ని చదివి వినిపించే మనిషి ఒకరుంటే ఆ ఇంటికి అంతకన్నా పెద్ద ఆసరా లేదు.

డబ్బు వచ్చాక ఇంకో బాధ మొదలవుతుంది. పెన్షన్ భార్యకు వస్తుంది. తల్లిదండ్రులు కొడుకును పోగొట్టుకున్నారు, కోడలు పుట్టింటికి వెళ్లిపోయింది, తమకేమీ లేదనే కడుపుకోత వాళ్లది. పాతికేళ్లు కూడా నిండని ఆ పిల్లకు ముందున్న బతుకంతా ఖాళీగా కనబడుతుంది. రెండు వైపులా దుఃఖమే కాబట్టి ఒకరిని దోషిని చేయడం తేలిక, కానీ తప్పు. ఇన్సూరెన్స్ నామినేషన్‌లో ఎవరికి ఎంత భాగమో సైనికుడే బతికుండగా రాయగలడు. చాలామంది కుర్రాళ్లు చేరిన రోజు తండ్రి పేరు రాసి, పెళ్లయ్యాక మార్చడం మరచిపోతారు, లేకపోతే మొత్తం భార్య పేరుకు మార్చి అమ్మానాన్నలను మరచిపోతారు. సాహస పతకం పొంది చనిపోయిన సైనికుడి భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పతకం మీద వచ్చే భత్యం ఆగిపోయేది, మరిదినో బావగారినో చేసుకుంటే మాత్రం కొనసాగేది. 2017 నవంబర్‌లో ఆ షరతు తీసేశారు. ఆమె ఎవరిని చేసుకోవాలన్నది ఆ భత్యం నిర్ణయించిన కాలం అంత దగ్గరిది. ఊరు వీరనారి అని సన్మానించి, మరుసటి ఏడాది ఆమె పెళ్లి మాట ఎత్తితే మొహం చిట్లించుకుంటే ఆ సన్మానానికి అర్థం లేదు.

బతికున్న సైనికుడి ఇంటి కష్టం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సిపాయికి ఏడాదిలో 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. అవి ఎప్పుడు దొరుకుతాయో యూనిట్ అవసరాన్ని బట్టి ఉంటుంది. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణి జాతరకు ఊరంతా ఇళ్లకు చేరుతుంది, తెలుగు ఇళ్లూ ఒడియా ఇళ్లూ అన్న తేడా ఉండదు. ఆ నెలలో సైనికుడి భార్య ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటుంది, సెలవు శాంక్షన్ అయిందా లేదా అన్న టెన్షన్‌తో. మిగతా తొమ్మిది నెలలు కౌలు పొలం, అత్తగారి షుగర్ మందులు, బ్యాంకు కేవైసీ, పిల్లల బడి అన్నీ ఆమెవే. పిల్లలు ఒడియా మీడియంలో చదువుతారు, ఆమెకు ఆ అక్షరాలు రావు, హోంవర్క్ చూడలేదు. తండ్రి వీడియో కాల్‌లో హిందీ పాఠం చెబుతాడు. నెట్‌వర్క్ లేని పోస్టులో ఉంటే అదీ లేదు. ఈ పనిని ఏ పతకమూ లెక్కపెట్టదు, సైన్యం మాత్రం దీని మీదే ఆధారపడి నడుస్తోంది.

సాయం లేదని కాదు. ఏటా డిసెంబర్ 7న జరిపే సాయుధ దళాల పతాక దినం 1949 నుంచి ఉంది, ఆ రోజు మనం జేబుకు గుచ్చుకునే చిన్న జెండాకు ఇచ్చే రూపాయలు ఈ కుటుంబాలకే వెళ్తాయి. పెన్షన్ లేని, 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు ఇచ్చే సాయాన్ని 2025 నవంబర్ నుంచి నెలకు 4,000 రూపాయల నుంచి 8,000కు పెంచారు. హవల్దారు, అంతకన్నా కింది ర్యాంకుల వాళ్ల పిల్లల్లో ఇద్దరి వరకు ఇచ్చే చదువు సాయం తలా నెలకు 1,000 నుంచి 2,000 అయింది, కూతురి పెళ్లికి ఇచ్చేది 50,000 నుంచి లక్ష అయింది. వీటన్నిటికీ దరఖాస్తు జిల్లా సైనిక్ బోర్డు ద్వారా, ఆన్‌లైన్‌లో వెళ్లాలి. పెన్షన్ కూడా లేని ముసలావిడ ఇంట్లో కంప్యూటర్ ఉంటుందని అనుకోలేం. వీధి చివర నెట్ సెంటర్ కుర్రాడు ఎలా టైప్ చేస్తే అలా.

ఇక నాలుగేళ్ల కోసం సైన్యంలోకి తీసుకునే అగ్నివీర్‌లు. 2022 జూన్‌లో పథకం ప్రకటించారు. 2023 మార్చి 28న చిలికలో నౌకాదళం తొలి బ్యాచ్ శిక్షణ ముగించింది. నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందిని ఉంచుకుంటారు, మిగతావారు 'సేవానిధి' పేరుతో ఒకేసారి ఇచ్చే సుమారు 11.71 లక్షలతో ఇంటికి వస్తారు. పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, క్యాంటీన్ కార్డు లేదు. సర్వీసులో చనిపోతే 48 లక్షల బీమా, డ్యూటీ కారణమైతే దానికి అదనంగా 44 లక్షల ఎక్స్‌గ్రేషియా వస్తాయి, కానీ నెలనెలా వచ్చే ఫ్యామిలీ పెన్షన్ రాదు. ఒడిశా ప్రభుత్వం 2024లో యూనిఫాం సర్వీసుల్లో వాళ్లకు 10 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. తొలి బ్యాచ్‌ల నాలుగేళ్ల గడువు 2026 చివరి నుంచి తీరుతుంది. ఇరవై మూడేళ్లకు సైన్యం వదిలి వచ్చిన కుర్రాడిని ఊరు ఏమని పిలుస్తుంది? ఆ పిల్లవాడు కాసిన మంచుకొండ, పక్కన నిలబడ్డ పాత సిపాయి కాసిన మంచుకొండ ఒకటే. కాగితం తేడా చూపించినా, ఊరు చూపించకూడదు.

చేయగలిగిన పనుల్లో చాలావాటికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. ఆ 60 రోజుల సెలవులో ఒక్క పూట భార్యాభర్తలిద్దరూ కూర్చుని పార్ట్ టూ ఆర్డర్ నకలు, ఇద్దరి ఆధార్‌లు, పాస్‌బుక్, పిల్లల జనన ధ్రువపత్రాలు పక్కపక్కన పరచి ఒక్కో అక్షరం సరిచూసుకోవచ్చు. అతను సర్వీసులో ఉండగా తప్పు సరిచేయించడం యూనిట్ ద్వారా జరిగే పని, అతను పోయాక అది కోర్టు మెట్లెక్కే పని. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చిన రిటైరైన సుబేదార్లు, హవల్దార్లు ఉన్నారు. ముప్పై ఏళ్లు సైన్యం ఫారాలు నింపిన చేతులు అవి. తెలుగు సంఘాలు ఉగాదికి పిలిచి శాలువా కప్పే ఆ పెద్దాయననే, వారానికి ఒక పూట ఒక టేబుల్ వేసి కూర్చోబెట్టవచ్చు. చేతిసంచిలో ప్లాస్టిక్ కవర్లు పెట్టుకుని ఒకావిడ వస్తుంది. ఆయన ఆమెను ముందు కుర్చీలో కూర్చోమంటాడు, మంచినీళ్లు ఇప్పిస్తాడు, పెన్ను మూత తీసి తెలుగులో అడుగుతాడు, 'మీ పేరు మీ అమ్మగారు ఎలా పలికేవారమ్మా?' అని. ఆమె చెబుతుంది. ఆయన దాన్ని మొదట తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో, ఒక్కో అక్షరం పైకి చదువుతూ గడుల్లో నింపుతాడు.